చిన్న ప్రాబ్లం అన్నారంటే బండి తీయండి

ఈ మధ్య మా సెక్షన్‌లో కొత్తగా చేరిన లైన్‌మన్లు నలుగురు ఇంటికొచ్చారు. "అన్నా, నువ్వు ముప్పై మూడేండ్లు చేసినవు. మాకు నాలుగు మాటలు చెప్పు" అన్నారు. స్తంభం ఎక్కడం గురించి అడుగుతారనుకున్నాను. అది ఒకరు చెబితే వచ్చేది కాదు, మోకాళ్లు చెప్పాలి. పదోన్నతుల గురించి చెప్పడానికి నా దగ్గర పెద్దగా ఏమీ లేదు. హెల్పర్‌గా చేరాను, లైన్ ఇన్‌స్పెక్టర్‌గా దిగాను. మధ్యలో ఎన్ని అర్జీలు పెట్టుకున్నానో మా ఆవిడకు తెలుసు.

అందుకని నాలుగు మాటలు కాదు, ఒకే ఒక్క మాట గురించి చెప్పాను. ప్రాబ్లం. చేవెళ్లలో, మొయినాబాద్‌లో నేను చేసిన ఉద్యోగమంతా ఆ మాట చుట్టూనే తిరిగింది. ఒకసారి ఆ మాట వల్లే తల దించుకున్నాను. వాళ్లు చాయ్ తాగి వెళ్లిపోయాక, ఇది రాసిపెడితే మంచిదనిపించింది.

మాట ఎక్కి వచ్చిన ఆటో

నేను చేవెళ్లలో హెల్పర్‌గా చేరిన రోజుల్లో ఈ మాట ఎవరి నోటా లేదు. "మోటరు కాలింది" అనేవారు. "వైరు తెగి మల్లన్న చేన్ల పడ్డది" అనేవారు. "ఫ్యూజు పోయింది, మీ హెల్పర్ పోయినసారి దారమంత తీగ ఏసిండు" అని మమ్మల్ని తిట్టేవారు కూడా. తిట్టినా మాకు సులువుగానే ఉండేది. ఏం కాలిందో, ఏం తెగిందో, ఎవరి చేనో ముందే తెలిసేది కాబట్టి, దానికి తగ్గ సామాను సంచిలో వేసుకుని బయలుదేరేవాళ్లం.

తర్వాత సిటీకి ఈ పక్కన అద్దాల మేడలు లేచాయి. సాఫ్ట్‌వేర్ అన్న మాట మా దగ్గర పశువుల డాక్టరు నోట కూడా వినిపించింది. మొయినాబాద్ దారి పొడుగునా ఇంజనీరింగ్ కాలేజీలు, వాటి పక్కన ఫామ్‌హౌసులు, వాటి ముందు ఇనుప గేట్లు వచ్చాయి. ఆ కాలేజీ పిల్లలతోపాటు షేర్ ఆటో ఎక్కి ఈ మాట కూడా ఊళ్లలోకి దిగింది. ముందు ఆటో డ్రైవర్లు పట్టుకున్నారు. ఆటో ఆగితే ప్రాబ్లం, ఆగకపోయినా ప్రాబ్లమే. రెండేళ్లు తిరిగేసరికి మేకలు కాసే ముసలాయన కూడా "కాలు ప్రాబ్లం ఇస్తున్నది" అనడం నా చెవులతో విన్నాను.

మంచి మాటే. ఒక్క మాటలో సంసారమంతా ఇమిడిపోతుంది. ఆలూరులో క్యారెట్ వేసే రైతు ఒకాయన భార్య అలిగి పుట్టింటికి వెళ్తే "ఇంట్ల జర ప్రాబ్లం" అన్నాడు. అదే నెలలో బోరు ఎండిపోతే కూడా "జర ప్రాబ్లం" అన్నాడు. రెండింటికీ గొంతు ఒకటే. ఏది ఎక్కువ బాధో ఆయనకే తెలియాలి.

మా ఆఫీసు ఫోన్‌కు మాత్రం ఈ మాట శని పట్టినట్టు పట్టింది.

"సారు, ప్రాబ్లం ఉన్నది."

"ఏం ప్రాబ్లం?"

"కరెంటు ప్రాబ్లం."

"కరెంటు ఆఫీసుకు కరెంటు గురించే చేస్తరన్నా. ఏమైందో చెప్పు."

"అదే సారు, ప్రాబ్లం అయింది. జర ఎవర్నన్న పంపుండ్రి."

దీన్నిబట్టి సంచిలో ఏం వేసుకోవాలి? మొత్తం స్టోరు మోసుకుని పోవాలి.

ఎవరు ఎట్లా అంటారు

కొన్నాళ్లకు నాకు ఒక లెక్క దొరికింది. దీన్ని ఏ ట్రైనింగ్‌లోనూ చెప్పరు.

భూములూ రాజకీయమూ ఉన్న పెద్దమనిషి "ఏం ప్రాబ్లం లేదు" అంటే అక్కడ తప్పకుండా ఏదో ఉంది. ఒక మాజీ సర్పంచ్ గారు ఒకరోజు ఫోన్ చేసి, "ఏం ప్రాబ్లం లేదే, నువ్వేం ఇటు రాకు, నేనే రేపు ఆఫీసుకొస్త" అన్నాడు. రాకు అన్నాడు కాబట్టి వెళ్లాను. ట్రాన్స్‌ఫార్మర్ గద్దె మీద లేదు. ట్రాక్టర్ ట్రాలీలో, గడ్డి పరిచి, తాళ్లు కట్టి కూర్చోబెట్టారు. పాత చేనులో బోరు ఎండిందని, కొత్త బోరు వేసిన చేనుకు దాన్ని తానే తరలిస్తున్నాడు. "అన్నా, ఇది గవర్నమెంటుది" అన్నాను. "గవర్నమెంటుదే, నేను కాదన్ననా? జర అవుతల పెడ్తున్న, అంతే" అన్నాడు. ట్రాక్టర్ వెనక్కి తిప్పించేసరికి నాకు తాతలు దిగివచ్చారు.

ఫామ్‌హౌసుల వాళ్లకు అన్నీ పెద్ద ప్రాబ్లమ్‌లే. ఒకరికి గేటు లైటు వెలగకపోతే పెద్ద ప్రాబ్లం. ఇంకొకరికి ఇంటర్నెట్ డబ్బా మీద పచ్చ దీపం బదులు ఎర్ర దీపం వెలిగితే పెద్ద ప్రాబ్లం. వాళ్లను తప్పుపట్టను. వారమంతా ఆఫీసుల్లో అట్లాగే మాట్లాడితేనే పని అవుతుందని అలవాటు పడ్డవాళ్లు. ఆదివారం మొయినాబాద్ వచ్చినంత మాత్రాన నాలుక మారదు.

చిన్న రైతులు, కూలికి పోయేవాళ్లు, ముఖ్యంగా ఆడవాళ్లు, "చిన్న ప్రాబ్లం" అంటారు. ఎందుకంటే వాళ్లు జన్మలో ఏ ఆఫీసు ముందూ తమ బాధను పెద్దది చేసి చెప్పలేదు. పెద్దది అంటే సారు కసురుకుంటాడని భయం. చిన్నది అంటే సారు ఎప్పుడో ఒకప్పుడు వస్తాడని ఆశ.

ఇదంతా ఇప్పుడు ఇంత తీరుగా చెబుతున్నాను. అప్పట్లో నాకు సగమే అర్థమైంది.

ఏఈ గారి రెండు బటన్లు

ఆ రోజుల్లో మాకొక కొత్త ఏఈ, అంటే అసిస్టెంట్ ఇంజనీరు, వచ్చాడు. చిన్న వయసు, చురుకైనవాడు, లంచం ముట్టనివాడు. నా సర్వీసులో చూసిన మంచి ఆఫీసర్లలో ఒకడని ఇప్పటికీ అంటాను. రాగానే మా ఫిర్యాదుల పుస్తకం చూసి తల పట్టుకున్నాడు. ఎనిమిది పేజీల్లో "ప్రాబ్లం" తప్ప ఇంకో మాట లేదు. చేసిన పని దగ్గర "ప్రాబ్లం సాల్వ్" అని రాసి ఉంది.

ఆయన స్నేహితుడెవరో సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఉంటే, అతని చేత ఒక ప్రోగ్రాం రాయించి ఆఫీసుకు కంప్యూటర్ తెచ్చాడు. దానికి పసుపు కుంకుమ పెట్టి కొబ్బరికాయ కొట్టాం. ఫోన్ రాగానే ఆపరేటర్ రెండు బటన్లలో ఒకటి నొక్కాలి. మేజర్ ప్రాబ్లం, మైనర్ ప్రాబ్లం. మేజర్ అయితే తెర మీద ఎర్రగా పైకి వస్తుంది, ముందు అక్కడికి పోవాలి. మైనర్ అయితే కింద పచ్చగా ఉంటుంది, వీలు చూసుకుని పోవాలి.

"సార్, ఏది మేజరో ఎట్ల తెలుస్తది?" అని అడిగాను.

"వాళ్లే చెప్తరు కదా" అన్నాడు ఏఈ గారు.

నిజమే, వాళ్లే చెబుతారు. నాకు ఎక్కడో కొంచెం గుచ్చుకుంది కానీ, కంప్యూటర్ ముందు లైన్‌మన్ నోరు తెరిస్తే ఏం బాగుంటుంది అనుకుని ఊరుకున్నాను. తెలిసి ఊరుకున్నది ఉద్యోగంలో లెక్కకు రాదనుకుంటాం. వస్తుంది.

ఒక ఆదివారం

సిటీలోది కాదు, మా మొయినాబాద్ పక్కనున్న హిమాయత్‌నగర్‌లో రాజవ్వ అని ఒకామె. ఎకరన్నర గులాబీ తోట, రెండు బర్రెలు, ఒక బోరు. మొగుడు తెల్లవారేలోపు ముందురోజు తెంపిన పూలు సిటీ మార్కెట్‌కు తీసుకుపోతే, తోట పని అంతా ఆమే చూసుకునేది. పొద్దున్నే ఊళ్లోంచి ఏడెనిమిది మంది ఆడవాళ్లు కూలికి వచ్చి పూలు తెంపేవారు. గులాబీ సంగతి మీకు తెలుసు. ఎండెక్కేలోపు తెంపాలి. విచ్చుకుంటే ఎవరూ కొనరు.

ఆ ఆదివారం పొద్దున రాజవ్వ కొత్తగా కొన్న సెల్‌ఫోన్ నుంచి ఆఫీసుకు ఫోన్ చేసింది. ఆపరేటర్ సెలవులో ఉంటే నేనే ఎత్తాను.

"సారు, చిన్న ప్రాబ్లం. మా చేన్ల స్తంభం కాడ జర చిమచిమ అంటున్నది. మీకు తీరినప్పుడు వచ్చిపోండ్రి."

"వస్త అవ్వా" అన్నాను. మైనర్ నొక్కాను. పచ్చగా కిందికి పోయింది.

పది నిమిషాలకు ఒక ఫామ్‌హౌస్ నుంచి మేడం ఫోన్. పెద్ద ప్రాబ్లం, ఇంటినిండా చుట్టాలు, ఈత కొలను మోటరు తిరగడం లేదు, పిల్లలు ఏడుస్తున్నారు. మేజర్ నొక్కాను. ఎర్రగా పైకి వచ్చింది. బండి అటు తిప్పాను.

అక్కడ మూడు గంటలు పోయింది. మోటరు విప్పాను, స్టార్టర్ విప్పాను, మీటరు పెట్టి చూశాను. అన్నీ బాగానే ఉన్నాయి. చివరకు గోడ వెనక చూస్తే, వాచ్‌మన్ తన సెల్ ఛార్జింగ్ పెట్టుకోవడానికి ప్లగ్గు పీకాడు. పెట్టగానే నీళ్లు గలగలమన్నాయి. మేడం మర్యాదస్తురాలు, చల్లటి కూల్‌డ్రింక్ ఇచ్చింది. నీడలో నిలబడి తాగుతున్నాను. అప్పుడు నా సెల్‌ఫోన్ మోగింది. ఆఫీసులో ఎవరూ లేనప్పుడు అక్కడి కాల్స్ నా సెల్‌కే వచ్చేలా పెట్టుకున్నాను.

"సారు, నేను హిమాయత్‌నగర్ రాజవ్వను. జల్దేం లేదు సారు. వస్తున్నరా అని ఊకె అడుగుదామని చేసిన."

సరే అని పెట్టెయ్యబోయాను. నిజంగా చిన్నదైతే జల్దేం లేదని చెప్పడానికి రెండోసారి ఎందుకు ఫోన్ చేస్తుంది? ఆ రోజుల్లో ఒక్క కాల్ అంటే ఊళ్లో వాళ్లు పదిసార్లు ఆలోచించేవారు.

"అవ్వా, ఇప్పుడు నువ్వు ఎక్కడున్నవు?"

"స్తంభం కాడనే కూసున్న సారు."

"ఎందుకు కూసున్నవు?"

"ఎవలన్న ముట్టుకుంటరని."

కూల్‌డ్రింక్ సీసా ఎక్కడ పెట్టానో గుర్తులేదు. ముందు సబ్‌స్టేషన్‌కు ఫోన్ చేసి ఆ చేన్లకు కరెంటు పంపే ఫీడర్ ఆపెయ్యమన్నాను. ఆపేశామని వాళ్లు చెప్పాకే బండి తీశాను. నువ్వు ఎక్కడున్నావు, ఎందుకున్నావు అన్న రెండు ప్రశ్నలు పొద్దుననే అడగాల్సింది. ఆ తర్వాత ఏఈ గారికి ఇదంతా చెబితే ఆయన మారుమాట్లాడకుండా ఆ రెండు బటన్లు తీయించి, వాటి స్థానంలో ఈ రెండు ప్రశ్నలే పెట్టించాడు. అందుకే ఆయన్ను మంచి ఆఫీసర్ అన్నాను.

తోట దగ్గర

నేను వెళ్లేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. తోటంతా పూలు విచ్చుకుని ఉన్నాయి, ఒక్కటీ తెంపలేదు. కూలికి వచ్చిన ఆడవాళ్లు దూరంగా గట్టు మీద ఖాళీ గంపలతో కూర్చున్నారు. స్తంభానికి సపోర్టుగా పక్కకు లాగి భూమిలో పాతిన స్టే వైరు ఉంటుంది కదా, దానికి నాలుగు అడుగుల ఇవతల అడ్డంగా ఒక మంచం వేసి, చేతిలో కర్రతో రాజవ్వ కూర్చుంది. కొంగు తల మీదికి కప్పుకుంది. పెదవులు ఎండిపోయాయి.

మంచం అవతల బర్రె పడి ఉంది. నిండు చూలుతో ఉంది.

ఏమైందో చూడగానే తెలిసిపోయింది. బర్రెలకు దురద పుడితే స్టే వైరుకే రాసుకుంటాయి. రాసుకుని రాసుకుని వైరు వదులై, పైన కరెంటు తీగకు తగిలింది. అట్లా తగిలినా కరెంటు కిందికి దిగకుండా స్టే వైరు మధ్యలో కోడిగుడ్డంత పింగాణీ గడ్డ ఒకటి ఉండాలి. అది అక్కడ లేదు.

"ఇది ఎప్పుడైంది అవ్వా?"

"పొద్దుగాల్నే సారు. మీకు ఫోన్ చేసేటాలకే సచ్చింది."

"మరి చచ్చిందని చెప్పొచ్చు కదా? చిన్న ప్రాబ్లం అంటివి కదా నాతోని?"

గొంతు లేచింది నాకు. తప్పు చేసినవాడి గొంతే ముందు లేస్తుంది. ఆమె మాత్రం నిమ్మళంగా చెప్పింది.

"మీరే అన్నరు కద సారు. పోయిన నెల మీరే వచ్చి సూసిండ్రు. గడ్డ పలిగింది, చిన్న ప్రాబ్లం, ఫికర్ చెయ్యకు అంటిరి. గదే తీగ. మీకు గుర్తువడ్తదని గట్లనే చెప్పిన."

అందులో ఎత్తిపొడుపు లేదు. ఉంటే బాగుండేది, నేనూ ఒక మాట అనగలిగేవాణ్ని. నేను ఏ పేరు పెట్టి వెళ్లానో, ఆమె అదే పేరుతో నాకు కబురు చేసింది.

నిజం రాస్తున్నాను కాబట్టి మిగతాది కూడా రాస్తాను. పోయిన నెల వచ్చినప్పుడు పగిలిన గడ్డ తీసేసి, స్టోరులో సామాను లేదని వైరును నేరుగా ముడివేసి వెళ్లింది నేనే. తర్వాత సామాను వచ్చింది. నాలుగు గడ్డలు ఇచ్చారు. మూడు ఫామ్‌హౌసుల లైన్లకు వేశాను, వాళ్లు రోజూ ఫోన్ చేస్తారు కాబట్టి. నాలుగోది పదిహేను రోజులుగా నా స్కూటర్ డిక్కీలోనే ఉంది. హిమాయత్‌నగర్ మలుపు ముందు నుంచి రోజూ దాన్ని మోసుకుంటూ పోయాను, వచ్చాను.

ఆమె నాలుగు గంటలు ఎండలో కాపలా కూర్చోకపోతే, బర్రె దగ్గరికి ఉరికొచ్చిన ఆడవాళ్లలో ఎవరో ఒకరు ఆ వైరు పట్టుకునేవారు. నేను చేయాల్సిన పని ఆమె మంచం వేసుకుని చేసింది. నాకు సిగ్గేసింది. కళ్లలో నీళ్లు కూడా తిరిగాయి. స్తంభం ఎక్కాను కాబట్టి ఎవరూ చూడలేదు.

పట్టుకున్న చెయ్యి

వైరు బిగించాను. డిక్కీలోంచి గడ్డ తీసి వేశాను. దిగివచ్చి, "తప్పు నాది అవ్వా. నీ బర్రె నా వల్లనే పోయింది. ఆఫీసుల గూడ ఇదే మాట రాసిస్త" అన్నాను. రాసిచ్చాను కూడా. మెమో వచ్చింది, ఒక ఇంక్రిమెంట్ ఆగింది. అది ఆగాల్సిందే.

రాజవ్వ బర్రె వైపు చూసి, కొంగుతో ముఖం తుడుచుకుంది. "అయిందేదో అయింది సారు. ఇయ్యాల పూలు వోయినయి. రేపటి సంది ఆడోళ్లు నా తోటకు వస్తరా రారా, గదే నా ఫికర్. షాక్ కొట్టే తోట అని పేరు వడితే ఎవలొస్తరు? ఇంకో నెల రోజులు పూలున్నయి."

గట్టు మీది ఆడవాళ్ల వైపు చూశాను. వాళ్లు అప్పటికే గంపలు సర్దుకుంటున్నారు.

"వాళ్లకు నేను చెప్త. ఇగ ఏం ప్రాబ్లం..." అన్నాను. మాట నోట్లోనే ఆగిపోయింది. పోయిన నెల ఇదే చోట నిలబడి ఇదే మాట అన్నాను.

సబ్‌స్టేషన్‌కు ఫోన్ చేసి ఫీడర్ ఛార్జ్ చెయ్యమన్నాను. తోట మూలన బోరు గురగురమని నీళ్లు పోసింది. కరెంటు వచ్చినట్టు అందరికీ తెలిసింది. టెస్టర్ పెట్టి చూసుకున్నాను. తర్వాత చేతికున్న గ్లౌజు తీసి జేబులో పెట్టుకున్నాను, చెప్పులు విప్పాను, తడి మట్టిలో నిలబడి ఒట్టి చేత్తో ఆ స్టే వైరు పట్టుకున్నాను.

రాజవ్వ దగ్గరికొచ్చి నిలబడింది. వదలబోయాను.

"ఇడువకుండ్రి సారు" అంది. "గట్లనే పట్టుకోండ్రి. నేను చెప్తె వాళ్లు నమ్మరు, మీరు చెప్పినా నమ్మరు. సూస్తెనే నమ్ముతరు. నేను పోయి పిల్సుకొస్త."

కర్ర పట్టుకుని గట్టు దాకా నడుచుకుంటూ వెళ్లింది. వాళ్లతో ఏం మాట్లాడిందో నాకు వినపడలేదు. నడినెత్తిన ఎండ, పక్కన చచ్చిన బర్రె, చేతిలో వైరు, అట్లా నిలబడ్డాను. చెయ్యి మారుద్దామనిపించింది కానీ వాళ్లు అక్కడి నుంచే చూస్తున్నారు.

చాలాసేపటికి ఒక్కొక్కరే వచ్చారు. మొదట వచ్చినామె వైరు చూసింది, నా కాళ్లు చూసింది. రెండో ఆమె స్తంభం చుట్టూ తిరిగి, "సారు చెయ్యి నిజంగనే ఆనిందా, ఉత్తగ దగ్గర పెట్టిండా?" అని వెనకవాళ్లను అడిగింది. వాళ్లు వంగి చూసి "ఆనింది" అన్నారు. అందరికంటే పెద్దామె ముందుకొచ్చి, చేతి వెనకవైపుతో వైరును చటుక్కున తాకి వెనక్కి లాక్కుంది. ఏమీ కాలేదు. మళ్లీ తాకింది. తర్వాత మిగతావాళ్లు తాకారు.

ఆఖరున రాజవ్వ వచ్చింది. నా చెయ్యి పక్కనే తన చెయ్యి వేసి, వైరును గట్టిగా పట్టుకుని, రెండుసార్లు ఊపి చూసింది.

"రేపు ఐదింటికే రాండ్రే" అని వాళ్లతో అంది. వాళ్లు తలలూపి గంపలు ఎత్తుకున్నారు. వాళ్లంతా తోట దాటేదాకా చూసి, నా వైపు తిరిగింది.

"ఇగ ఇడువుండ్రి సారు."